ఆటలో భాష ఎంత? – ప్రాథమిక తరగతుల్లో ఆంగ్లబోధనా క్రీడలు: కృష్ణాడెల్టా నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కొత్తభాషను నేర్పడానికి ఆటపాటలు ఉపకరిస్తాయన్న మాట నేడు విద్యారంగంలో దాదాపు నిర్వివాదం. అయితే తరగతిలో ఆడించే ప్రతి ఆటా భాషను నేర్పుతుందా అన్న ప్రశ్నకు తగిన విమర్శ జరగలేదు. తెలుగు మాతృభాషగా గల ప్రాథమిక విద్యార్థులకు ఆంగ్లం నేర్పే సందర్భంలో ప్రచారంలో ఉన్న క్రీడాకృత్యాలను ఈ వ్యాసం కృష్ణాడెల్టా నేపథ్యంలో పరిశీలిస్తుంది. భాష లేకుండా ఆట సాగగలిగితే ఆ ఆట ఉత్సాహాన్ని ఇస్తుందేగాని భాషను ఇవ్వదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం బోధనాసూత్రాలు, ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు ప్రయోగం, తెలుగు పిల్లల సంప్రదాయ క్రీడలు, కొండపల్లి బొమ్మలు, ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ చర్చకు ఆధారాలు.

కీలకపదాలు: క్రీడాపద్ధతి, ద్వితీయభాషా బోధన, సమాచార వ్యత్యాసం, కృష్ణాడెల్టా, కొండపల్లి బొమ్మలు, ద్విభాషా పాఠ్యపుస్తకం, ప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. రాష్ట్రప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. అదే సంవత్సరం అక్టోబరు 8న కృష్ణాజిల్లా కంకిపాడు మండలం పునాదిపాడు ఉన్నత పాఠశాలలో విద్యాకానుక పథకం ఆరంభమైంది. తెలుగు, ఆంగ్లం ఎదురెదురు పుటల్లో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ విద్యాసంవత్సరంలోనే ప్రాథమిక విద్యార్థుల చేతికి వచ్చాయి. జాతీయ విద్యావిధానం 2020 వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతిదాకా ఇంటిభాషలో బోధన సాగాలని కోరింది. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు క్రీడాధారిత విద్యను ప్రతిపాదించింది.

మాధ్యమం గురించిన వాదప్రతివాదాలు ఒక ఎత్తు. ఏ మాధ్యమమైనా, ఇంట్లో ఆంగ్లం వినపడని పిల్లకు ఆ భాషను రోజూ గంటసేపు ఎలా నేర్పాలన్నది మరో ఎత్తు. ఈ రెండవ ప్రశ్నకు విధానపత్రాలు, శిక్షణ శిబిరాలు ఇచ్చే జవాబు ‘ఆటపాటల ద్వారా’ అన్నదే. జవాబు సరైనదే కావచ్చు, కాని అసంపూర్ణం. ఎలాంటి ఆట? అందులో భాషకు గల స్థానమేమిటి? వరిపొలాల్లో కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు, బందరు తీరంలోని మత్స్యకారుల పిల్లలకు ఆంగ్లం అందే చోటు బడి ఒక్కటే. అక్కడ ఆ గంట సందడిగా గడిచి భాష మాత్రం పట్టుబడకపోతే, ఆ లోటును పూడ్చే ప్రైవేటు చదువు వారికి అందదు. కాబట్టి క్రీడాపద్ధతిని ప్రశంసించడంతో ఆగక విమర్శించడం అవసరం.

2. ఆరు సూత్రాల వారసత్వం:

కృత్యాధార బోధన తెలుగునేలకు కొత్తది కాదు. బ్రిటన్ ప్రభుత్వ విదేశాభివృద్ధి సంస్థ సహాయంతో 1980ల మధ్యలో ప్రయోగదశలో మొదలై, 1990ల తొలి అర్ధభాగంలో ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఇందుకు ప్రధాన ఉదాహరణ. ఉపాధ్యాయుడు స్వయంగా కృత్యాలను రూపొందించడం. చేయడం, కనుగొనడం, ప్రయోగించడం ద్వారా నేర్వడం. వ్యక్తిగత, బృంద, పూర్తితరగతి పనులను సమన్వయించడం. వైయక్తిక భేదాలను గుర్తించడం. స్థానిక పరిసరాలను వినియోగించడం. పిల్లల పనిని ప్రదర్శిస్తూ తరగతిని ఆకర్షణీయంగా తీర్చిదిద్దడం – ఇవి దాని ఆరు సూత్రాలు. ఉపాధ్యాయులు తరచుగా కలిసి చర్చించుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు కూడా ఏర్పడ్డాయి.

ఈ సూత్రాలను విడివిడిగా చూస్తే ఆక్షేపించదగింది లేదు. వాటి మధ్యగల అసమానత మాత్రం గమనింపదగింది. గోడకు అంటించిన బొమ్మలు, వలయాకారంలో కూర్చున్న పిల్లలు, చప్పట్లు, పాట కంటికి కనిపించే అంశాలు. పిల్ల ఒక విషయాన్ని తానే కనుగొనడం కంటికి కనిపించదు. తనిఖీకి వచ్చినవారికి ఆరవ సూత్రం గుమ్మంలోనే దర్శనమిస్తుంది. రెండవ సూత్రాన్ని చూడాలంటే ఒక పిల్ల పక్కన కొంతసేపు కూర్చోవాలి. అందువల్ల కృత్యం క్రమంగా ప్రదర్శనగా మారే ప్రమాదం ఈ పద్ధతి స్వభావంలోనే ఉంది. భాషాబోధనలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. గణితంలో జవాబు తప్పితే తెలుస్తుంది. నలభై గొంతుల బృందగానంలో ఒక గొంతు అర్థం తెలియక పెదవులు కదిపినా తెలియదు.

ఇక్కడ ఉపాధ్యాయుని పరిస్థితిని కూడా సానుభూతితో చూడాలి. తనకే ఆంగ్లసంభాషణలో ధైర్యం చాలనప్పుడు కంఠస్థమైన అభినయగేయం అతనికి ఆసరా అవుతుంది. పిల్లల మౌనాన్నీ తన సంకోచాన్నీ ఒకేసారి కప్పిపుచ్చగల సాధనం అది. కాబట్టి లోపం వ్యక్తిది కాదు. ఏ ఆట దేనికి పనికివస్తుందో తేల్చే ప్రమాణం అతని చేతికి అందకపోవడంలో ఉంది.

3. ఆటకు గీటురాయి:

అటువంటి ప్రమాణాన్ని రెండు వనరుల నుంచి నిర్మించుకోవచ్చు. మొదటిది లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆటపై చేసిన ప్రసంగం. నియమం లేని ఆట లేదని, ఊహాలోకంలో సాగే ఆటలోనూ పిల్లలు నియమానికి కట్టుబడే ఉంటారని అతని వాదం. అమ్మ ఆట ఆడే పిల్ల అమ్మలాగే నడుచుకోవాలి. ఆటలోని ఆనందం నియమపాలనకు విరుద్ధం కాదు, దానివల్లనే కలుగుతుంది.

రెండవది ఎన్.ఎస్. ప్రభు నాయకత్వాన 1979–84 మధ్య దక్షిణభారత పాఠశాలల్లో జరిగిన బెంగుళూరు ప్రయోగం. వ్యాకరణాన్ని వరుసక్రమంలో బోధించడానికి బదులు, పిల్లల మనసు ఒక సమస్యను పరిష్కరించడంలో నిమగ్నమైనప్పుడు భాష దానంతట అది ఒంటబడుతుందన్నది దాని మూలభావన. కృత్యాలను ప్రభు మూడుగా విభజించాడు. ఒకరికి తెలిసినదాన్ని మరొకరికి చేరవేయవలసి వచ్చేది సమాచార వ్యత్యాసం. తెలిసిన వివరాల నుంచి తెలియనిదాన్ని ఊహించి తేల్చేది తార్కిక వ్యత్యాసం. సొంత ఇష్టాయిష్టాలను వ్యక్తం చేసేది అభిప్రాయ వ్యత్యాసం. వీటిలో రెండవదానికి అతడు ఎక్కువ విలువనిచ్చాడు. రైలు సమయపట్టికలను చదివి ప్రశ్నలకు జవాబు తేల్చడం వంటివి ఆ తరగతుల్లోని కృత్యాలు.

ఈ రెంటినీ కలిపితే ఒక సరళమైన గీటురాయి లభిస్తుంది. ఆటనియమంలో భాష భాగమై ఉందా? అంటే, భాషను తొలగిస్తే ఆట ఆగిపోతుందా? ఆగిపోతే అది భాషాక్రీడ. ఆగకపోతే అది తరగతిలో ఆడిన మరో ఆట మాత్రమే.

4. ప్రచారంలో ఉన్న కృత్యాల పరిశీలన:

4.1 అభినయగేయాలు: ప్రాథమిక తరగతుల్లో అత్యధిక ప్రాచుర్యం వీటిదే. లయ, స్వరం, ఉచ్చారణల పరిచయానికి ఇవి ఉపకరిస్తాయి. తెలుగు పిల్లలకు కష్టమైన హలంత పదాల ఉచ్చారణకు లయ మంచి ఊతం. ‘బుక్కు’, ‘పెన్ను’ అని అచ్చు చేర్చి పలికే అలవాటు పాటలో కొంత సడలవచ్చు. కాని గీటురాయిపై ఇవి నిలవవు. అర్థం తెలియకపోయినా పాట సాగుతుంది. పిల్ల చేసే పని ఊకొట్టడానికి సమానం. ఊకొట్టడం కథకు అవసరమే. ఊకొట్టినంత మాత్రాన కథ చెప్పడం రాదు.

4.2 ఆజ్ఞాక్రీడలు: ఉపాధ్యాయుడు ‘స్టాండ్’, ‘జంప్’, ‘టచ్ ద డోర్’ అని చెప్పగా పిల్లలు చేసే ఆటలు ఇవి. జేమ్స్ ఆషర్ ప్రతిపాదించిన సంపూర్ణ శారీరక ప్రతిస్పందన పద్ధతి వీటికి ఆధారం. మాట్లాడమని తొందరపెట్టక ముందు వినడానికి అవకాశమివ్వడం వీటి గుణం. అర్థమైతేనే సరిగా చేయగలరు కనుక గీటురాయికి ఇవి కొంతవరకు నిలుస్తాయి. అయితే పక్కవాడిని చూసి గెంతే పిల్లకు భాషతో పని ఉండదు. ఒక్కొక్క వరుసకు వేర్వేరు ఆజ్ఞలిస్తే, లేదా కళ్లు మూసుకొని చేయమంటే, అదే ఆట నిజమైన భాషాక్రీడ అవుతుంది. ఈ చిన్న మార్పులోనే అసలు బోధనావివేకం ఉంది.

4.3 చిత్రపత్రాలు: బొమ్మ చూపి పేరు చెప్పించడం మూడవ కృత్యం. ఇక్కడ ఒక మౌలికమైన ఆక్షేపం ఉంది. డెల్టా పల్లెలోని పిల్ల కూడా ఆంగ్లనామవాచకాల విషయంలో శూన్యం నుంచి బయలుదేరదు. బస్సు, టికెట్టు, ఫోను, స్కూలు, టీచరు, లైటు, ఫ్యాను, సైకిలు, గేటు – ఈ మాటలు ఆమె తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. ఆమెకు లేనివి ఆంగ్లవాక్యం, ప్రశ్న. తెలుగులో ‘బస్సు వచ్చింది’ అన్న వాక్యం చివరి అచ్చును ‘ఆ’గా మారిస్తే ‘బస్సు వచ్చిందా’ అన్న ప్రశ్న సిద్ధమవుతుంది. ఆంగ్లంలో పదక్రమమే మారాలి, లేదా సహాయకక్రియ ముందుకు రావాలి. తెలుగులో ‘బల్ల మీద’ అని నామం తరువాత వచ్చే సంబంధపదం ఆంగ్లంలో నామానికి ముందు వస్తుంది. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ఆంగ్లవాక్యంలో క్రియ మధ్యలోకి వస్తుంది. అంటే పిల్లకు ఎక్కడ కష్టమో అక్కడ చిత్రపత్రం తోడు రాదు. ఎక్కడ తోడు అవసరం లేదో అక్కడ నెలల తరబడి తిరుగుతుంది.

4.4 ఊహాక్రీడలు: ఒకరు సంచిలో వస్తువును దాచగా మిగిలినవారు ‘ఈజ్ ఇట్ రెడ్?’, ‘ఈజ్ ఇట్ బిగ్?’ అని అడిగి తేల్చే ఆటలు నాలుగవ రకం. ఇక్కడ అడగనిదే ఆట కదలదు. ఒక్క ప్రశ్నావాక్య నిర్మాణం, విసుగు లేకుండా, ప్రయోజనంతో అనేకసార్లు పునరావృతమవుతుంది. బృందవల్లెవేత కోరుకున్న పునరావృత్తి ఇక్కడ సార్థకంగా జరుగుతుంది. ఖర్చు లేని ఈ ఆటకు దక్కవలసిన స్థానం గేయాలకంటె పైది.

5. డెల్టా పిల్లల ఆటలు, కొండపల్లి బొమ్మలు:

స్థానిక పరిసరాలను వినియోగించాలన్న సూత్రాన్ని సాధారణంగా ఆకులు, గింజలు, రాళ్లు తరగతికి తేవడంగా అర్థం చేసుకుంటారు. పిల్లల సొంత ఆటలు కూడా స్థానిక పరిసరంలో భాగమే. అయితే దేశీయమైనదల్లా భాషాబోధనకు తగునన్న భావన సరికాదు. గీటురాయి ఇక్కడా అదే. తొక్కుడుబిళ్ల, కోతికొమ్మచ్చి, పులిజూదం చక్కని ఆటలే, మౌనంగా ఆడవచ్చు. వామనగుంటలు, అష్టాచమ్మాలలో లెక్క ఉంది కనుక సంఖ్యలను పలికే నియమం చేర్చితే కొంత ప్రయోజనం.

మరికొన్ని ఆటల్లో భాష నియమంలోనే ఉంది. నేల–బండ ఆటలో దొంగ అయిన పిల్ల నేల కావాలో బండ కావాలో అడుగుతుంది. మిగిలినవారు కోరుకున్నదాన్ని బట్టి ఆట సాగుతుంది. వికల్పప్రశ్నను ఇంతకంటె సహజంగా నేర్పే సన్నివేశం ఆంగ్ల పాఠ్యపుస్తకాల్లో అరుదు. వీరీ వీరీ గుమ్మడిపండు ఆటలో కళ్లు మూయించుకున్న పిల్ల ఎదుటివారి పేరు ఊహించి చెప్పాలి. ‘హూ ఈజ్ ఇట్?’ అన్న ప్రశ్నకు అది సిద్ధమైన రంగస్థలం. రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీల ఆటలో ముఖాలు చూసి, మాటలు విని దొంగను తేల్చాలి. ప్రభు చెప్పిన తార్కిక వ్యత్యాసానికి ఇది సమీపంలో ఉంది. నియమం పిల్లకు ముందే తెలుసు కాబట్టి ఆటను వివరించడానికి గంటలో సగం ఖర్చుకాదు. కొత్తది భాష ఒక్కటే. విదేశీ క్రీడాసంకలనాల నుంచి తెచ్చిన ఆటల్లో నియమమూ కొత్తదే, భాషా కొత్తదే. ప్రారంభకునిపై రెండు బరువులు ఒకేసారి పడతాయి.

విజయవాడకు చేరువలోని కొండపల్లి బొమ్మలు మరొక వనరు. తేలికైన తెల్లపొణికి కర్రతో చేసే ఈ బొమ్మల్లో దశావతారాలు, ఏనుగు అంబారీలతోపాటు ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, పల్లెజీవితంలోని పనులు కనిపిస్తాయి. వీటిని చూపి పేర్లు చెప్పించడం చిత్రపత్రాల పద్ధతినే పునరావృతం చేయడం అవుతుంది. అలాకాక ఇద్దరు పిల్లల మధ్య ఒక అట్ట నిలిపి, ఇద్దరికీ అవే బొమ్మలు ఇచ్చి, ఒకరు అమర్చిన తీరును రెండవవారు మాట విని మాత్రమే అమర్చాలని నియమం పెడితే, ‘పుట్ ద మ్యాన్ ఆన్ ద కార్ట్’, ‘పుట్ ద కౌ బిహైండ్ ద ట్రీ’ అన్న వాక్యాలు అవసరమవుతాయి. నామానికి ముందు వచ్చే సంబంధపదం అనే అసలు కష్టం ఇక్కడ నేరుగా ఆటవస్తువవుతుంది. అట్ట తీసిన క్షణంలో రెండు అమరికలు సరిపోయాయా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది; తప్పు ఎక్కడ జరిగిందో ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు. అసలు బొమ్మలు కొనలేని బడికి మట్టిబొమ్మలు, కాగితపు బొమ్మలు చాలు. విలువ బొమ్మలో కంటె మధ్యనున్న అట్టలో ఉంది.

అలాగే బెంగుళూరు ప్రయోగంలోని రైలు సమయపట్టిక విజయవాడ వంటి కూడలి నగరంలో మరింత సహజమైన సామగ్రి. గుడివాడ, బందరు, అవనిగడ్డ, నూజివీడు బస్సుల పట్టికను నలుగురికి నాలుగు ముక్కలుగా పంచి, ‘వెన్ డజ్ ద బందరు బస్ లీవ్?’ అని అడిగి పూరించమంటే, మూడు నాలుగు తరగతుల పిల్లలకు అది తగిన కృత్యం.

6. ద్విభాషా పుస్తకం – మాతృభాష స్థానం:

ద్విభాషా పుస్తకాన్ని కూడా ఇదే గీటురాయిపై చూడవచ్చు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండడం పిల్లకు భయాన్ని తగ్గిస్తుంది. తల్లిదండ్రులకు పాఠం తెలుస్తుంది. అయితే జవాబు ఎడమపుటలో ఉన్నప్పుడు కుడిపుటతో అవసరమేమిటి? రెండు పుటలూ ఒకే సమయంలో తెరిచి ఉంటే సమాచార వ్యత్యాసం నశిస్తుంది. అదే పుస్తకాన్ని ఇద్దరికి పంచి, ఒకరు తెలుగుపుట మాత్రమే, మరొకరు ఆంగ్లపుట మాత్రమే చూస్తూ రెండింటిలోని విషయం ఒకటో కాదో తేల్చుకోమంటే, అదే పుస్తకం ఉత్తమమైన క్రీడాసామగ్రి అవుతుంది. ద్విభాషారూపాన్ని నిరాకరించనక్కరలేదు, దాన్ని వాడే నియమాన్ని మార్చుకుంటే చాలు.

మాతృభాషను ఆటనుంచి పూర్తిగా బహిష్కరించాలన్న పట్టుదల కూడా హానికరం. నియమాన్ని తెలుగులో చెప్పి ఎత్తును ఆంగ్లంలో వేయించడం ప్రారంభదశలో సమంజసం. ఆట అర్థంకాని పిల్లకు భాషా అర్థంకాదు.

7. విష్ణుశర్మ – గురువుగా, శిష్యుడిగా:

ఈ చర్చకు తెలుగు సాహిత్యంలో ఒక ఆసక్తికరమైన ప్రతిబింబం ఉంది. పంచతంత్ర కథాముఖంలో విష్ణుశర్మ ముగ్గురు మందబుద్ధులైన రాజకుమారులను ఆరునెలల్లో నీతివిదులను చేస్తానని పూనుకుంటాడు. వినోదం ద్వారా బోధనకు భారతీయ సంప్రదాయంలో అతడు మొదటి ఉదాహరణల్లో ఒకడు. అతని కథాశిల్పంలో ఒక విశేషముంది. ఒక పాత్ర నీతిని సూచనగా చెప్పి ఆగుతుంది. అది ఎలా జరిగిందని వినే పాత్ర అడుగుతుంది. అప్పుడే కథ మొదలవుతుంది. శ్రోత ప్రశ్నే కథకు తలుపు. ఈ వ్యాసం ప్రతిపాదించిన గీటురాయికి ఇంతకంటె పాత సాక్ష్యం అక్కరలేదు.

విజయవాడ కళాశాలలో చిరకాలం తెలుగు బోధించిన విశ్వనాథ సత్యనారాయణ ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ నవలలో ఈ గురువునే ఆంగ్లం నేర్చుకునే ప్రారంభకునిగా మార్చాడు. తిక్కనతో కలిసి భూలోకానికి దిగివచ్చిన విష్ణుశర్మ పాఠం మొదలుపెట్టగానే హాస్యం పుడుతుంది. ఆ హాస్యాన్ని ఆంగ్లవిద్యపై వ్యంగ్యంగా చదవడం పరిపాటి. బోధనాశాస్త్ర దృష్టితో చూస్తే మరో అర్థం తోస్తుంది. శాస్త్రపాండిత్యం గల శిష్యుడు వల్లెవేయడంతో తృప్తిపడడు, అడుగుతాడు. అడిగే శిష్యుని ముందు కంఠస్థపాఠం నిలవదు. కథల ద్వారా బోధించిన గురువు శిష్యస్థానంలో కూర్చున్నప్పుడు తనకు దక్కిన బోధనలోని లోటు పాఠకునికి స్పష్టమవుతుంది. రాజకుమారులకు దొరికిన విష్ణుశర్మ, విష్ణుశర్మకు దొరకలేదు.

8. అభ్యంతరాలు – పరిమితులు:

ఈ ప్రతిపాదనపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది తరగతి పరిమాణం. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను కలిపి చూసుకునే బడిలో జంటకృత్యాలు నడపడం కష్టం. ఇందుకు ప్రభు ప్రయోగంలోనే ఒక మార్గముంది. అతడు బృందకృత్యాలపై ఆధారపడలేదు. ముందుగా ఉపాధ్యాయుడు తరగతి మొత్తంతో ఒక సమస్యను మౌఖికంగా సాధిస్తాడు. తరువాత అటువంటిదే మరొకటి పిల్లలు ఎవరికి వారు చేస్తారు. సంచిలో వస్తువును కనుగొనే ఆటను నలభైమందితో కూడా ఇలా నడపవచ్చు.

రెండవది ఆనందానికి సంబంధించినది. ప్రతి ఆటనూ భాషాప్రయోజనంతో తూచితే పిల్లల ఉల్లాసం ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. గేయాన్ని బహిష్కరించమని ఈ వ్యాసం చెప్పడం లేదు. పాట బడిని ప్రేమింపజేస్తే అది గొప్ప ప్రయోజనమే. అయితే ఆ ప్రయోజనాన్ని భాషాబోధన ఖాతాలో జమచేయరాదు.

మూడవది మూల్యాంకనం. వ్రాతపరీక్ష పేర్లను, అక్షరక్రమాన్ని అడిగినంతకాలం ప్రశ్నించడం నేర్పే ఆటకు తరగతిలో గౌరవం దక్కడం కష్టం. ఈ అభ్యంతరం ప్రతిపాదనను ఖండించదు. సంస్కరణ ఎక్కడికి విస్తరించాలో సూచిస్తుంది.

దీనికితోడు ప్రభు 1990లో ప్రచురించిన మరో వ్యాసంలోని హెచ్చరిక గమనార్హం. ఉత్తమపద్ధతి అంటూ ఒకటి లేదని, ఉపాధ్యాయునికి తాను చేస్తున్నది పనిచేస్తుందన్న సజీవమైన నమ్మకం ఉన్నప్పుడే ఏ పద్ధతైనా ఫలిస్తుందని అతని అభిప్రాయం. కాబట్టి పైన పేర్కొన్న ఆటలను ఉత్తర్వుగా పంపితే అవి కూడా రేపటి అభినయగేయాలే అవుతాయి.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. భాషను తొలగిస్తే ఆగిపోయే ఆట మాత్రమే భాషాక్రీడ, తక్కినవి ఉల్లాసకృత్యాలు. రెండింటికీ తరగతిలో చోటుంది, ఒకదాన్ని మరొకటిగా భావించరాదు.

2. తెలుగు పిల్లలకు ఆంగ్లంలో ప్రారంభసమస్య నామవాచకాలది కాదు. ప్రశ్న, సంబంధపదం, పదక్రమాలది. ఆటల ఎంపిక అక్కడ కేంద్రీకరించాలి.

3. నేల–బండ, వీరీ వీరీ గుమ్మడిపండు, చీటీల ఆట వంటి తెలిసిన ఆటల్లో నియమం పాతది కాబట్టి కొత్తభాషకు చోటు దొరుకుతుంది.

4. కొండపల్లి బొమ్మలు, బస్సుల పట్టికలు, ద్విభాషా పుస్తకాలు వాటంతట అవి భాషను నేర్పవు. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియకుండా ఉంచే నియమమే వాటిని బోధనోపకరణాలుగా మారుస్తుంది.

5. ఉపాధ్యాయశిక్షణలో ఆటల జాబితాలకంటె ఆటను పరీక్షించి మార్చుకునే నేర్పుకు ప్రాధాన్యమివ్వాలి.

కృష్ణాడెల్టాలోని ప్రాథమిక పాఠశాలల్లో ఈ గీటురాయిని అనువర్తించి, గేయప్రధానమైన తరగతులనూ ప్రశ్నాప్రధానమైన తరగతులనూ ఒక విద్యాసంవత్సరం పోల్చి చూసే క్షేత్రపరిశోధనకు అవకాశముంది. అందులో కొలవవలసినది పిల్లలు ఎన్ని ఆంగ్లపదాలు చెప్పగలరన్నది కాదు, తమంతట తాము ఎన్ని ప్రశ్నలు అడగగలరన్నది.